ఖాళీ హాల్లో కచేరీ: కరోనా కాలాన్ని సంగీత సంస్థలు ఎలా గట్టెక్కాయి?

2020 మార్చి 10, మంగళవారం సాయంత్రం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాజిట్ వ్యాలీ కొరేల్ అనే బృందగాన సంస్థ ఎప్పటిలాగే రిహార్సల్ పెట్టుకుంది. కరోనా భయంతో సగంమంది సభ్యులు రాలేదు. వచ్చిన 61 మంది కూడా అజాగ్రత్తగా ఏమీ లేరు. చేతులకు శానిటైజర్ రాసుకున్నారు, కరచాలనాలూ కౌగిలింతలూ మానేశారు. రెండున్నర గంటలు పాడుకుని, కుర్చీలు సర్దేసి ఇళ్ళకు వెళ్ళారు. వాళ్ళలో ఒకరికి అప్పటికే జలుబు లక్షణాలున్నాయి. కొద్దిరోజుల్లో 53 మంది జబ్బుపడ్డారు. ఇద్దరు చనిపోయారు.

ఈ వార్త బయటికొచ్చాక ప్రపంచంలో ఉన్న బృందగాన సంస్థలన్నీ ఉలిక్కిపడ్డాయి. చేతులు కడుక్కున్నా, ముట్టుకోకపోయినా ఫలితం లేకపోయింది. అంటే ప్రమాదం తలుపు గడియ మీద లేదు, గాలిలో ఉంది. పాడటమే ఆ గాలిని నింపుతోంది. సినిమా హాలుకైనా క్రికెట్ మైదానానికైనా గుంపు ఒక్కటే సమస్య. బృందగాన సంస్థకు అసలు చేసే పనే సమస్య అయింది.

ఆ రెండేళ్ళూ సంగీత సంస్థలు ఎలా నెట్టుకొచ్చాయని అడిగితే "ఆన్‌లైన్‌కి మారిపోయాయి కదా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటాం. అది పూర్తి నిజం కాదు. వాళ్ళముందు పడ్డ చిక్కుముళ్ళు మూడు: గాలి, సమయం, డబ్బు. వీటిలో ఆన్‌లైన్ ఒక్కదాన్ని కూడా సరిగ్గా విప్పలేదు. సమయం ముడిని అదే వేసింది, డబ్బు ముడిని ఇంకాస్త బిగించింది.

గాలి సంగతి

మాట్లాడినా పాడినా నోట్లోంచి కంటికి కనిపించని తుంపరలు వస్తాయి. పాడితే ఎంత ఎక్కువ వస్తాయి? 2020 వేసవిలో బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం బృందం దీన్ని కొలవాలనుకుంది. మామూలు గదిలో కొలిస్తే అక్కడ ముందునుంచే ఉన్న దుమ్ము లెక్కను పాడుచేస్తుంది. అందుకని గాలి అతి శుభ్రంగా ఉండే ఆపరేషన్ థియేటర్‌లోకి గాయకులను తీసుకెళ్ళి పాడించారు. తేలిందేమిటంటే, పాటా మాటా అన్న తేడా కంటే గొంతు ఎంత పెద్దదన్నదే ముఖ్యం. మెల్లగా పాడితే మెల్లగా మాట్లాడిన దానికంటే పెద్ద తేడా లేదు. గొంతెత్తి పాడితే మాత్రం తుంపరలు 20 నుంచి 30 రెట్లు పెరిగాయి.

జర్మనీలో బవేరియన్ రేడియో గాయకులతో ఇంకో ప్రయోగం చేశారు. ఈ-సిగరెట్ ఆవిరి పీల్చి పాడమన్నారు. నోటి నుంచి వచ్చే గాలి ఎటు పోతోందో, ఎంత దూరం పోతోందో ఆ పొగను బట్టి కెమెరాలో చూశారు. ముందువైపు రెండు, రెండున్నర మీటర్ల ఖాళీ ఉండాలి, పక్కల మీటరున్నర చాలన్నారు. వాద్యాల్లో ట్రంపెట్ ప్రమాదకరమని అందరూ అనుకుంటారు కదా, ఫ్లూట్ గాలి అంతకంటే దూరం పోయింది. ఫ్లూట్ వాయించేవాళ్ళు గొట్టం లోపలికి కాకుండా రంధ్రం మీదుగా ఊదుతారు, ఆ గాలిలో చాలాభాగం నేరుగా ఎదురుగా వెళ్ళిపోతుంది.

ఈ దూరాల లెక్కతో అసలు తలనొప్పి వేదిక మీద మొదలైంది. మనిషికీ మనిషికీ మధ్య మీటరున్నర, ఊదే వాద్యాలకైతే రెండు మీటర్లు వదిలితే వందమంది పట్టే వేదిక మీద నలభైమంది కూడా పట్టరు. అంటే ఏ రచనలు వాయించాలో వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ బదులు కొలత టేపు పట్టుకున్నవాడు నిర్ణయించే పరిస్థితి. స్వరకర్త మాలర్ సింఫనీలు (ఆర్కెస్ట్రా కోసం రాసే పెద్ద రచనలు) వందమందికి రాసినవి, అవి వెంటనే అటకెక్కాయి. 2020 మే 1న బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా దీనికి ఒక దారి వెతికింది. ఖాళీ హాల్లో మాలర్ నాలుగో సింఫనీని పదిహేనుమందితో వాయించింది. ఆ చిన్న రూపం కరోనా కోసం రాసింది కాదు. 1921లో సంగీతకారుడు ఎర్విన్ స్టైన్ వియన్నాలోని ఒక చిన్న సంగీత సంఘం కోసం కుదించి రాసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి రోజుల్లో పెద్ద ఆర్కెస్ట్రాను పెట్టుకునే స్తోమత ఆ సంఘానికి లేదు. అప్పటి లేమి కోసం పుట్టిన ప్రతి, వందేళ్ళ తర్వాత ఇంకో లేమికి పనికొచ్చింది.

వియన్నా ఫిల్హార్మోనిక్ మాత్రం ఈ దూరాల గొడవే వద్దంది. దూరంగా కూర్చుంటే పక్కవాడి వాయిద్యం వినపడదు, కలిసి వాయించడం కుదరదు అన్నది వాళ్ళ వాదన. దానికి బదులు వాద్యకారులందరికీ తరచుగా కరోనా పరీక్షలు చేయిస్తూ పాత పద్ధతిలోనే పక్కపక్కన కూర్చోబెట్టింది. 2020 జూన్ 5న డేనియల్ బారెన్‌బోయిమ్ కండక్టర్‌గా మళ్ళీ వేదికెక్కినప్పుడు హాల్లో ఉన్న శ్రోతలు వందమంది. ఆ నవంబరులో విమానం మొత్తం అద్దెకు తీసుకుని, హోటల్ గదీ వేదికా తప్ప మరోచోట అడుగుపెట్టకుండా జపాన్ పర్యటన కూడా ముగించుకొచ్చింది. డబ్బూ పరపతీ ఉన్న సంస్థ కాబట్టి చెల్లింది. ఊళ్ళోవాళ్ళు సరదాగా నడుపుకునే గాయక బృందానికి ఈ దారి ఎక్కడ దొరుకుతుంది?

నాకు బాగా నచ్చింది అమెరికాలోని యూటా సింఫనీ చేసిన పని. వాళ్ళు దూరంతోనే సరిపెట్టుకోకుండా గాలి ప్రవాహాన్ని పట్టుకున్నారు. యూటా విశ్వవిద్యాలయం ఇంజనీర్లు సాల్ట్ లేక్ సిటీలోని ఎబ్రవానెల్ హాల్లో గాలి ఎక్కడ లోపలికి వస్తోంది, ఎక్కడ బయటికి పోతోంది, మధ్యలో ఎక్కడ సుళ్ళు తిరుగుతోంది అని కంప్యూటర్‌లో లెక్కగట్టారు. ఇంట్లో ఎవరైనా సిగరెట్ ముట్టిస్తే ఏం చేస్తాం? కిటికీ దగ్గరికి పొమ్మంటాం. ఇక్కడా అదే సూత్రం. ట్రంపెట్ లాంటి ఊదే వాద్యాలను గాలి బయటికి లాగే రంధ్రాల దగ్గరికి జరిపారు. ఊపిరితో పనిలేని డప్పులూ పియానో మధ్యలోకొచ్చాయి. ఈ కుర్చీల మార్పుతో వాద్యకారులు పీల్చే గాలిలో తుంపరల సాంద్రత వంద రెట్లు తగ్గుతుందని 2021లో ప్రచురించిన లెక్క చెబుతోంది. కొత్త యంత్రం కొన్నది లేదు. కాకపోతే శతాబ్దాలుగా అలవాటైన ఆర్కెస్ట్రా కూర్పు తలకిందులైంది. ఎప్పుడూ ముందున్నవాడిని చూసి వాయించేవాడికి ఇప్పుడు ముందు ఎవరూ లేరు. ఆ టెన్షన్ వాళ్ళకే తెలుసు.

సమయం అనే ముడి

వీడియో కాల్‌లో పుట్టినరోజు పాట పాడినవాళ్ళందరికీ ఈ ముడి తెలుసు. మా ఇంటివాళ్ళం పదిమందిమి ఒకసారి ప్రయత్నించాం. ఒకరు మొదటి మాటలో ఉండగా ఇంకొకరు మూడో మాటకు వెళ్ళిపోయారు, ఒక పెద్దాయన గొంతు మధ్యమధ్య మాయమైంది, చివరికి కేకు ముందు కూర్చున్న పిల్ల నవ్వాపుకోలేక కొవ్వొత్తి ఆర్పేసింది. నెట్ బాలేదనుకున్నాం. నెట్ బాగున్నా జరిగేది అదే.

గాలిలో శబ్దం మీటరు దూరం పోవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. పది మీటర్ల దూరంలో ఉన్నవాడి వాయిద్యం మనకు 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఇంచుమించు అదే హద్దు. ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరు మనుషులు ఒకరినొకరు వింటూ తాళం నిలబెట్టుకోవడం కష్టం. అవతలివాడి కోసం వీడు ఆగుతాడు, వీడి కోసం వాడు ఆగుతాడు, పాట నీరుగారిపోతుంది. మామూలు వీడియో కాల్‌లో ఆలస్యం ఈ హద్దుకు ఎన్నో రెట్లు. పైగా ఆ సాఫ్ట్‌వేర్లు తయారైంది మాట్లాడటానికి. ఒకేసారి ఇద్దరి గొంతు వినపడితే ఒకరిది తగ్గించేస్తాయి. సాగదీసిన స్వరాన్ని ఫ్యాన్ చప్పుడనుకుని తుడిచేస్తాయి. వయొలిన్ పాఠం చెప్పే మాస్టార్లు 2020లో సగం క్లాసు జూమ్ సెట్టింగులు మార్చడంతోనే గడిపారు. ఆ ఏడాదిలోనే జూమ్ సంగీతం కోసం విడిగా ఒక మోడ్ తెచ్చింది. ధ్వని నాణ్యత పెరిగింది కానీ ఆలస్యం మాత్రం పోలేదు.

ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్లు లేకపోలేదు. జామ్యులస్, జాక్‌ట్రిప్ లాంటివి కరోనాకు చాలా ముందునుంచే ఉన్నాయి. వైఫై కాకుండా కేబుల్ నెట్, మంచి ఆడియో పెట్టె, చెవులకు హెడ్‌ఫోన్లు ఉండి, కలిసి వాయించేవాళ్ళు మరీ దూరం లేకపోతే అవి బాగానే పనిచేస్తాయి. అయితే ఎంత తంటాలు పడ్డా ఒక గోడ ఉంది. ఫైబర్ తీగలో వెలుగు మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లే పోతుంది. అయిదువేల కిలోమీటర్ల అవతలి మనిషితో లైవ్‌లో కలిసి వాయించాలంటే, యంత్రాల ఆలస్యం సున్నా అనుకున్నా హద్దు అక్కడికే అయిపోతుంది.

అందుకే చాలా సంస్థలు కలిసి పాడటం మానేసి, కలిసి పాడినట్టు చూపించడం మొదలుపెట్టాయి. తెర నిండా చిన్నచిన్న గళ్ళు, గడికో ముఖం. రాటర్‌డామ్ ఫిల్హార్మోనిక్ వాళ్ళు 2020 మార్చిలోనే బీతోవెన్ 'ఆనంద గీతం' అలా వాయించి వదిలితే ప్రపంచమంతా చూసింది. అదే ఏడాది జులైలో అమెరికా స్వరకర్త ఎరిక్ విటాకర్ 129 దేశాల నుంచి 17,572 మంది గొంతులను ఒక్క పాటలో కలిపాడు. ఆయన 2010 నుంచీ ఈ పని చేస్తున్నవాడే, కాబట్టి చేయి తిరిగింది. కొత్తగా దిగినవాళ్ళకు మాత్రం చుక్కలు కనిపించాయి. ప్రతి ఒక్కరూ గదిలో ఒంటరిగా, ఒక చెవిలో టిక్ టిక్ మనే తాళం వింటూ ఫోన్ ముందు పాడాలి. పక్కన ఆసరా ఇచ్చే గొంతు లేదు. గుంపులో దాక్కుని పాడే అలవాటున్నవాళ్ళు తమ గొంతు ఇలా ఉంటుందని మొదటిసారి విని దిగాలుపడ్డారు. నాలుగు నిమిషాల పాటకు ఎడిటింగ్ రోజుల తరబడి. అరకాసు పనికి ముప్పావు బాడుగ.

ఇంటర్నెట్ చేతులెత్తేసిన చోట పాత రేడియో పనికొచ్చిన కథ ఒకటుంది. అమెరికాలోని వర్జీనియాలో ఒక గాయకుడు ఇంటి ముందు కార్లు నిలిపించి పాటలు పెట్టాడు. ఎవరి కారులో వాళ్ళు అద్దాలు బిగించుకుని కూర్చుంటారు. చేతిలో వైర్‌లెస్ మైకు. ఆ గొంతులన్నీ ఒక మిక్సర్‌లోకి వెళ్ళి, అక్కడి నుంచి చిన్న ఎఫ్ఎమ్ ట్రాన్స్‌మిటర్ ద్వారా మళ్ళీ కార్ల రేడియోల్లో వినపడతాయి. కండక్టర్ బయట నిలబడి చేతులూపుతుంటే అద్దంలోంచి కనిపిస్తాడు. ఇందులో ధ్వనిని ముక్కలు చేసి, మూటగట్టి, విప్పే కంప్యూటర్ మధ్యలో లేదు. అందుకే ఆలస్యం లేదు. ఎన్నో గాయక బృందాలు ఈ పద్ధతి నేర్చుకుని పార్కింగ్ స్థలాల్లో పాడుకున్నాయి. నెలల తర్వాత నలుగురి గొంతులు నిజంగా ఒక్క క్షణంలో కలవడం విని కార్లలోనే ఏడ్చినవాళ్ళున్నారంటే నేను నమ్ముతాను.

జీతాలెవరిస్తారు?

అన్నిటికంటే గట్టి ముడి ఇదే. ఒపేరాలు, అంటే పాటలతో నడిచే నాటకాలు ఆడే న్యూయార్క్ సంస్థ మెట్రోపాలిటన్ ఒపేరా 2020 మార్చి 12న తలుపులు మూసింది. 16 నుంచి రాత్రికొక పాత ఒపేరా రికార్డింగును ఉచితంగా వెబ్‌సైట్‌లో పెట్టింది. లాక్‌డౌన్‌లో ఇంతకంటే మంచి కబురు లేదని ప్రపంచమంతా చూసి మెచ్చుకుంది. ఏప్రిల్ నుంచి అదే సంస్థ ఆర్కెస్ట్రాకూ కోరస్‌కూ జీతాలు ఆపేసింది. ఆరోగ్య బీమా మాత్రం ఉంచింది. ఆ స్థితి దాదాపు ఏడాది నడిచింది. రాత్రి ఏడున్నరకు లక్షలమంది తెరమీద చూస్తున్న వాద్యకారులు, తెర వెనక న్యూయార్క్ అద్దె కట్టలేక ఊరొదిలి పోతున్నారు.

ఏటా సుమారు 30 కోట్ల డాలర్ల బడ్జెట్ ఉన్న సంస్థకు ఈ గతేమిటి? ఆ డబ్బులో ప్రభుత్వం ఇచ్చేది ఆటలో అరటిపండు. టికెట్లూ దాతల విరాళాలే ఆధారం. టికెట్లు ఆగాయంటే కాలు విరిగినట్టే. జర్మనీలో అలా కాదు. అక్కడ వందకు పైగా ఆర్కెస్ట్రాలు ప్రజాధనంతో నడుస్తాయి, వాద్యకారులు నెల జీతగాళ్ళు. పని తగ్గితే వేతనంలో కొంతభాగం ప్రభుత్వమే భరించే పథకం ఎప్పటినుంచో ఉంది. హాలు మూతపడినా పొయ్యి వెలిగింది. లండన్ సింఫనీ లాంటి బ్రిటన్ ఆర్కెస్ట్రాలది ఈ రెండింటి మధ్య బతుకు. వాటిలో వాద్యకారులకు నెల జీతం ఉండదు, వాయించిన కచేరీకే డబ్బు. విదేశీ పర్యటనలు ఆగగానే చేతులు ఖాళీ.

"సొంత కాళ్ళ మీద నిలబడండి, గ్రాంట్ల కోసం చూడకండి" అని సంగీత సంస్థలకు దశాబ్దాలుగా సలహాలిచ్చారు. ఆ సలహా బుద్ధిగా విన్నవాళ్ళే 2020లో అందరికంటే ముందు కూలబడ్డారు. ఈ విషయం కరోనా కథల్లో ఎక్కువమంది చెప్పరు.

మరి ఆన్‌లైన్ టికెట్లు అమ్మలేదా? అమ్మారు. ఆ జులై నుంచి మెట్రోపాలిటన్ ఒపేరా పేరున్న గాయకులతో 20 డాలర్ల టికెట్ కచేరీలు పెట్టింది. కొరియా బృందం బీటీఎస్ 2020 జూన్ 14న చేసిన ఆన్‌లైన్ కచేరీని ఒక దశలో 7.56 లక్షలమంది ఒకేసారి డబ్బిచ్చి చూశారు. అది బీటీఎస్‌కే సాధ్యం. మిగతావాళ్ళకు అడ్డొచ్చింది ఉచితమే. ప్రతి సంస్థా మొదటి నెలల్లో మంచి మనసుతో తలుపులు బార్లా తెరిచింది. ఊరంతా ఉచితంగా పంచుతుంటే కొట్టు తెరిచినవాడి దగ్గర ఎవరు కొంటారు? బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌కు 2008 నుంచే డిజిటల్ కాన్సర్ట్ హాల్ ఉంది. కెమెరాలు హాల్లోనే బిగించి ఉన్నాయి, చందాదారులున్నారు, అందుకే హాలు మూతపడగానే, మార్చి 12 రాత్రే కండక్టర్ సైమన్ రాటిల్‌తో ఖాళీ కుర్చీల ముందు కచేరీ చేసి ప్రసారం చేయగలిగింది. పన్నెండేళ్ళ పెట్టుబడిని పన్నెండు వారాల్లో అనుకరించబోయిన చిన్న సంస్థలకు కెమెరాల అద్దె కూడా తిరిగి రాలేదు. దీనికి తోడు కాపీరైట్ రోబోల, అంటే హక్కుల ఉల్లంఘనను వాటంతటవే పట్టే సాఫ్ట్‌వేర్ల గోల. జర్మన్ స్వరకర్త బాఖ్ చనిపోయింది 1750లో, ఆయన సంగీతం మీద ఎవరికీ హక్కుల్లేవు. అయినా ఇంట్లో కూర్చుని లైవ్‌లో బాఖ్ వాయిస్తుంటే "ఇది ఫలానా కంపెనీ రికార్డింగ్" అంటూ ఆన్‌లైన్ వేదికలు మధ్యలో ప్రసారం ఆపేసిన సందర్భాలున్నాయి.

సంస్థలను చివరికి నిలబెట్టింది ప్రభుత్వాల డబ్బు. 2020 జులైలో బ్రిటన్ 157 కోట్ల పౌండ్ల నిధి ప్రకటించింది. అంతకు ముందు నెలలోనే జర్మనీ సంస్కృతి రంగానికి 100 కోట్ల యూరోలు కేటాయించింది. అమెరికాలో చిన్నచిన్న సంగీత వేదికలు ఒక సంఘంగా ఏర్పడి పోరాడితే, డిసెంబరు 27న మూతపడిన వేదికల కోసం చట్టం వచ్చింది. ఆ సాయం ఆ తర్వాత 1,600 కోట్ల డాలర్లకు పెరిగింది. తీరా 2021 ఏప్రిల్ 8న దరఖాస్తుల వెబ్‌సైట్ తెరిచిన రోజే మొరాయించి మూతపడింది. లండన్ రాయల్ ఒపేరా హౌస్ అయితే గోడమీది బొమ్మ దించింది. తమ పాత డైరెక్టర్ డేవిడ్ వెబ్‌స్టర్‌ది, డేవిడ్ హాక్నీ వేసిన చిత్రం, అక్టోబరులో వేలం వేస్తే సుమారు 1.28 కోట్ల పౌండ్లు పలికింది.

ఈ సాయాల్లో పెద్ద కంత ఒకటుంది. డబ్బు భవనాలకూ సంస్థలకూ చేరింది. ఏ సంస్థ జీతాల పట్టికలోనూ పేరులేని ఫ్రీలాన్స్ గాయకుడికీ, సౌండ్ ఇంజనీరుకీ, లైట్లు మోసేవాడికీ చాలాచోట్ల మిగిలింది జాలి మాటలే. రద్దయిన కచేరీకి పారితోషికం అడిగితే ఒప్పందంలో "మా చేతిలో లేని విపత్తు" అన్న క్లాజు చూపించారు.

మళ్ళీ తలుపులు తీయడం

అందరూ మూసుకున్న ఏడాదే ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ సంగీత ఉత్సవానికి వందేళ్ళు. రద్దు చేయకుండా 2020 ఆగస్టులో నెలరోజులకు కుదించి నడిపారు. విరామం లేదు, టికెట్ మీద పేరు, మధ్యలో ఖాళీ సీట్లు. సుమారు 76 వేలమంది వచ్చి వెళ్ళారు, అక్కడి నుంచి జబ్బు పాకిన దాఖలా బయటపడలేదు. అదే నెల 22న జర్మనీలోని లైప్‌జిగ్‌లో పరిశోధకులు పద్నాలుగువందల మందితో కచేరీని ప్రయోగంలా నడిపారు. మెడలో దూరాలు కొలిచే పరికరం, చేతులకు అతినీలలోహిత కాంతిలో మెరిసే శానిటైజర్. పాట వినేటప్పటి కంటే లోపలికి వచ్చేటప్పుడూ విరామంలోనూ జనం ఎక్కువ దగ్గరవుతున్నారని, హాలు గాలి మారడం అన్నిటికన్నా ముఖ్యమని తేలింది. 2021 మార్చి 27న బార్సిలోనాలో అయిదువేలమందికి అదేరోజు పరీక్ష చేసి, మాస్కులతో, దూరం పాటించకుండా రాక్ కచేరీ పెట్టారు. రెండువారాల తర్వాత ఆరుగురికే కరోనా కనిపించింది, అందులో నలుగురికి అంటింది వేరేచోట.

ఇంత శ్రమపడి నేర్చుకున్నవాటిలో మిగిలినవి కొన్నే. బ్రిటన్‌కు చెందిన సంగీత పరీక్షల బోర్డు ఏబీఆర్‌ఎస్‌ఎం 2020లో వీడియో రికార్డింగుతో పరీక్ష పెట్టింది. అది ఇప్పుడు శాశ్వతమైంది. ఇంగ్లిష్ నేషనల్ ఒపేరా లండన్ ఆస్పత్రి వైద్యులతో కలిసి, కరోనా తగ్గినా ఊపిరి అందనివాళ్ళకు జోలపాటలతో ఆన్‌లైన్ శ్వాస పాఠాలు మొదలుపెట్టింది. 2022లో వెలువడిన పరీక్ష ఫలితాల్లో 150 మంది మీద అది కొంత మేలు చేసినట్టు తేలింది. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ మొదట ట్రక్కు మీద ముగ్గురు నలుగురు వాద్యకారులతో వీధులు తిరిగింది. హాలు ఎలాగూ ఖాళీ కదా అని మరమ్మతులు ముందుకు జరిపి, 55 కోట్ల డాలర్లతో 2022 అక్టోబరుకు, అనుకున్నదానికంటే రెండేళ్ళ ముందే పూర్తిచేసింది.

జనం మాత్రం హాలు తెరిచినంత వేగంగా తిరిగి రాలేదు. ఏడాది టికెట్లు ముందే కొనే పెద్దవయసు శ్రోతల్లో కొందరు అలవాటు తప్పి ఇంట్లోనే ఉండిపోయారు. 2022 డిసెంబరులో మెట్రోపాలిటన్ ఒపేరా తన మూలనిధిలోంచి 3 కోట్ల డాలర్ల దాకా తీస్తామనీ, తర్వాతి సీజన్‌లో ప్రదర్శనలు పదిశాతం తగ్గిస్తామనీ ప్రకటించింది. ఒపేరా గాయకులను మూడు నాలుగేళ్ళ ముందే మాట్లాడుకోవాలి. టికెట్ కొనేవాళ్ళేమో ఇప్పుడు శనివారం ఆటకు గురువారం నాడు సీట్లు చూసుకుంటున్నారు.